ఐదు నక్షత్రాలు రాలే, అబద్ధం కూడ రాయలే

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఇందాక సమాఖ్య మాకు శాలువా కప్పింది. బడి శుభ్రత, పిల్లల భద్రత కోసం మంచిగ పనిచేసిన గ్రామ సంఘం అని పేరు పిలిచిన్రు. మాకు సంతోషమే. అయితే శాలువా కప్పించుకొని పోయి కూసుంటే సరిపోదు, ఎట్ల చేసిన్రో నలుగురికి చెప్పమని అధ్యక్షురాలు అక్క అన్నది. చెప్తాం. చేసిన పనితో పాటు మేము చేసిన తప్పులు కూడ చెప్తాం. తప్పులు దాచిపెట్టి చెప్తే ఈ ముచ్చట వేరే ఊర్లకు పనికి రాదు.

ముందుగాల ఒక మాట. బడి మనకు కొత్త కాదు. వండిన అన్నం బడిలోనే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర 2003 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం మొదలైంది. అప్పుడు వంట చేసే పని ఎక్కువగా డ్వాక్రా సంఘాల మహిళల చేతికే వచ్చింది. మా ఊర్లె మా అత్తలు కట్టెల పొయ్యి ముందర కూసొని ఆ అన్నం వండిన్రు. తర్వాత 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయి. గ్రామ సంఘం అధ్యక్షురాలే కమిటీకి అధ్యక్షురాలు, హెడ్ మాస్టర్ సారు కన్వీనరు. ఆ ఏడాది జూన్ 12న బడులు తెరిచేలోపు నీళ్ల పైపులు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న చిన్న మరమ్మతులు మన చేతుల మీదుగ జరిగినయి. బిల్లు మీద సంతకం పెట్టినప్పుడు మా చెయ్యి వణికింది. పొదుపు పుస్తకం మీద సంతకం వేరు, సిమెంటు బిల్లు మీద సంతకం వేరు.

ఇప్పుడు నక్షత్రాల సంగతికి వస్తాం. శుభ్రంగ ఉన్న బడులకు కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి స్వచ్ఛ విద్యాలయ పురస్కారం ఇస్తున్నది. 2025-26లో దాన్ని స్వచ్ఛ ఏవం హరిత విద్యాలయ రేటింగ్ అని మార్చిన్రు. బడి వాళ్లే 60 ప్రశ్నలకు జవాబులు పెట్టాలె. తాగునీళ్లు, మరుగుదొడ్లు, సబ్బుతో చేతులు కడుగుడు, నిర్వహణ, పిల్లల అలవాట్లు, చెట్లు-పర్యావరణం అని ఆరు భాగాలు. మార్కులను బట్టి ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు. దేశంల లక్షల బడులు ఉన్నయి. ఢిల్లీ దాకా పోయి బహుమతి తెచ్చుకునేవి చాలా కొద్ది.

ఇది విన్నప్పుడు మాకు మన గ్రేడింగే యాదికొచ్చింది. సంఘాలకు ఏ, బీ, సీ అని గ్రేడ్లు ఇస్తరు కదా. అందరికీ తెలిసిందే చెప్తున్నం, ఏమనుకోవద్దు. కొన్ని సంఘాల పుస్తకాలు అద్దం లెక్క ఉంటయి. మీటింగులు నాలుగుకు నాలుగు, హాజరు నిండుగ, తీర్మానాలు ముత్యాల లెక్క. లోపల చూస్తే ఆరు నెలల నుంచి ఒక్కచోట కూసున్నది లేదు. పుస్తకానికి ఏ గ్రేడు, సంఘానికి రోగం. బడికి కూడ ఇట్లనే అయితది. మా బడికి అట్లనే అయ్యేది కొంచెంల తప్పింది.

ఫొటోల రోజు చెప్తాం. రేటింగుకు ఫొటోలు పెట్టాలని సారు మమ్మల్ని పిలిచిండు. మేము ఆరుగురం పోయినం. పొద్దుగాల నుంచి ఊడ్చినం, కడిగినం. ఆడపిల్లల మరుగుదొడ్డి తాళం తీసి, ఫినాయిల్ పోసి, కొత్త బకెట్టు, కొత్త మగ్గు, గూట్లె సబ్బు పెట్టినం. ఫొటోలు మంచిగ వచ్చినయి. అయిపోయినంక సబ్బు, బకెట్టు, మగ్గు ఆఫీసు గదిలో పెట్టి తలుపుకు తాళం వేసినం. అక్కడ ఏడో తరగతి పిల్ల ఒకతి నిలబడి అంతా చూస్తున్నది. మమ్మల్ని అడిగింది: "పెద్దమ్మా, ఫొటో దిగినంక మళ్ల తాళం ఎందుకు వేస్తున్నరు?"

మాకు జవాబు రాలే. తాళం ఎందుకంటే సెలవుల్ల బయటోళ్లు వచ్చి ఖరాబు చేస్తరని. తాళం చెవి సారు బీరువాల ఉంటది. ఆడపిల్ల పోయి మగ సారును చెవి అడగాలె. ఏ పిల్ల అడుగుతది? నిలబెట్టి అడిగితే ఆ పిల్ల అంతా చెప్పింది. ఒంటికి పోవాల్సి వస్తదని పొద్దుగాల నుంచి నీళ్లు తాగరట. ఇంటికి పోయే దాకా ఓర్చుకుంటరట. నెలసరి వచ్చిన రోజుల్ల బడికే రారట.

అక్కలూ, మేము మొఖాలు చూసుకున్నం. మా గ్రామ సంఘం కార్యవర్గంల పదో తరగతి దాకా చదివింది ఇద్దరమే. మిగతావాళ్లు ఆరు, ఏడు, ఎనిమిదిల ఆగిపోయిన్రు. ఎందుకు ఆగిన్రని అడిగితే ఒకరు పెళ్లంటరు, ఒకరు పత్తి ఏరుడంటరు. తవ్వి చూస్తే చాలమందికి అదీ ఒక కారణమే, బడిలో కూసునే జాగ లేకపోవుడు. మేము పడ్డ కష్టమే మా పిల్లలకు తాళం వేసి అప్పజెప్పినం. ఫొటో మాత్రం దించినం.

తప్పు సారుదని చెప్పడానికి మేము ఇక్కడికి రాలే. ఆ కమిటీకి అధ్యక్షత మాది, సంతకం మాది. ఆ రోజు సాయంత్రమే గ్రామ సంఘం మీటింగు పెట్టుకున్నం. గంట సేపు లొల్లి అయింది. "అందరూ ఐదు నక్షత్రాలకే పెడుతున్నరు, మనమే తక్కువ పెట్టుకుంటే ఊరి పరువు పోదా" అని కొందరు. "పరువు ఫొటోల ఉంటదా, పిల్ల కడుపు నొప్పిల ఉంటదా" అని కొందరు. ఆఖరికి ఉన్నది ఉన్నట్టు పెట్టాలని తీర్మానం రాసుకున్నం. మర్నాడు పోయి సారుకు చెప్పినం. సారు కొద్దిసేపు ఏమనలే. తర్వాత, "మీరు నిలబడితే నేనూ నిలబడత" అన్నడు. ఉన్నది ఉన్నట్టు పెట్టినం. మూడు నక్షత్రాలు వచ్చినయి.

తీర్మానం రాసుకుంటే సగం పనే అయింది. మన పొదుపుకు పంచసూత్రాలు ఉన్నయి కదా: క్రమం తప్పని మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా కట్టుడు, పుస్తకాలు రాసుడు. బడికి కూడ మేము ఐదు సూత్రాలు పెట్టుకున్నం. నెలకు రెండుసార్లు, చెప్పకుండ పోయి చూస్తాం. వంద పేజీల నోటుబుక్కుల రాస్తాం. ఒక్కొక్కటి చెప్తాం.

మొదటిది నీళ్లు. మన నల్లగొండ నీళ్ల సంగతి దేశమంతా తెలుసు. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ వాళ్లు 'నల్లగొండ పద్ధతి' అనే పేరే పెట్టిన్రు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియబెట్టి, తేర్చి వడగట్టే పద్ధతి అది. మన కష్టానికి మన జిల్లా పేరే వచ్చింది. లీటరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటొద్దు, వేరే నీళ్లు దొరకని కాడ ఎక్కువల ఎక్కువ ఒకటిన్నర. ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు లోపల పండ్లు తయారైతుంటయి. అప్పుడు తాగిన చెడ్డ నీళ్ల గార జీవితాంతం పోదు. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణ నీళ్లు నల్లాల వస్తున్నయి. మా బడి పిల్లలు ఆ నీళ్లే తాగుతున్నరని మేము ధైర్యంగ ఉన్నం.

మూడోసారి చూడబోయినప్పుడు తెలిసింది. తాగేది నల్లా నీళ్లే. అన్నం, పప్పు వండేది మాత్రం బోరు నీళ్లతో. నల్లా పొద్దుగాల వచ్చి బందు అయితది, వంట పది గంటలకు మొదలైతది, దగ్గరల బోరు మోటరు ఉన్నది. వంట ఆమె తప్పేమీ లేదు, ఆమెకు ఎవ్వరం చెప్పలే. "మరగబెడితే పోతది కదా" అన్నది. పోదు అక్కలూ. మరగబెడితే క్రిములు చస్తయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకింత చిక్కగ అయితది. జల్ జీవన్ మిషన్ కింద నీళ్లు పరీక్ష చేసుడు ఊరికి ఐదుగురు మహిళలకు నేర్పిస్తరు. మా ఊర్లె నేర్చుకున్నామె కిట్టు తెచ్చి రంగు చూసింది. బోరు నీళ్ల రంగు ఒకటిన్నర గీతను దాటింది. అదే వారం వంటగదికి మూతున్న డ్రమ్ము ఒకటి కొనిచ్చినం. పొద్దుగాల నల్లా వచ్చినప్పుడే నింపి పెట్టుకుంటరు. దీనికి పెద్ద పైసలు కాలే. అడగాలని ఎవరికీ తట్టలే, అంతే.

రెండోది సబ్బు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న పిల్లలకు నులిపురుగుల గోలీలు వేస్తరు. గోలీతో కడుపుల పురుగులు చస్తయి. చేతులు కడగకుండ తింటే మళ్ల వస్తయి. సబ్బు గూట్లె పెడితే రెండు రోజులల్ల మాయం అయితదని మాకూ ఫిర్యాదు వచ్చింది. చీరె ముక్కతో జాలి సంచి కుట్టి, సబ్బు అందుల పెట్టి నల్లాకు కట్టినం. మన సంఘాలల్ల బడి యూనిఫాం కుట్టేటోళ్లే ఉన్నరు, సంచికి ఏం కష్టం. ఎత్తుకపోయేటోళ్లు తగ్గిన్రు, కడిగేటోళ్లు పెరిగిన్రు.

మూడోది మరుగుదొడ్డి. 40 మంది పిల్లలకు ఒకటి ఉండాలని లెక్క. మా బడికి లెక్క సరిపోయింది, కానీ లెక్కల ఉన్నయి, వాడుకల లేవు. ఇప్పుడు ఆడపిల్లల వైపు తాళం బడి గంటలల్ల వేయం. సాయంత్రం వేసి, పొద్దుగాల తీసే పని పిల్లల కమిటీది. లోపల గడియ విరిగి ఉన్నది, పెట్టించినం. మూతున్న డబ్బా ఒకటి, పాత పేపర్లు పెట్టినం. చూడబోయినప్పుడు మేము కూడ ఆ మరుగుదొడ్డికే పోతాం. మనం పోలేని దాంట్లకు మన పిల్లలు ఎట్ల పోతరు? ఇది మా పుస్తకంల మొదటి పేజీల రాసిన నియమం.

నాలుగోది వంటగది. ఇది వినేటప్పుడు కొంచెం గుండె గట్టిగ పెట్టుకోండ్రి. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంల ఒక బడి వంటగదిల మంట లేచి ఆకుల కప్పుకు అంటుకున్నది. 94 మంది పిల్లలు కాలిపోయిన్రు. 2013ల మళ్ల అదే జూలై 16న బీహార్ ఛప్రా దగ్గర గండామన్ అనే ఊర్లె మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయిన్రు. కూరల పోసిన నూనెల మోనోక్రోటోఫాస్ ఉన్నది. మనం పత్తికి కొట్టే మందే. నూనె తేడాగ ఉన్నదని వంట ఆమె ముందే చెప్పిందని, ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదని అప్పుడు పేపర్లల్ల వచ్చింది.

మన ఊర్లల్ల పత్తి మందు డబ్బా లేని ఇల్లు ఉన్నదా? డబ్బా మంచిగున్నదని కడిగి నీళ్లు పట్టుకునేటోళ్లు లేరా? అందుకే ప్రతి ఏడు జూలై 16ను మేము వంటగది రోజు అని పెట్టుకున్నం. ఆ రోజు పొయ్యి, గ్యాస్ పైపు, కప్పు, బియ్యం మూటలు, నూనె డబ్బాలు అన్నీ చూస్తాం. మందు డబ్బాలు బడి గేటు లోపలికి రావద్దని డప్పు సాటింపు కూడ వేయించినం. పిల్లలకు పెట్టేముందు కనీసం ఒక టీచరు రుచి చూడాలని నియమం ఉన్నది. ఎవరు చూసిన్రో పేరు, టైము రాస్తున్నరు. ఇంకోటి, వంట ఆమె "ఇది బాగలేదు" అంటే ఆ సరుకు ఆ రోజు వండొద్దు. ఎవరు తెచ్చినా సరే. దీనికి కూడ తీర్మానం ఉన్నది.

ఐదోది కరెంటు, కట్టడం. వానాకాలంల తడిచే స్విచ్చు బోర్డులు, వేలాడే వైర్లు, పెచ్చులూడే స్లాబు, మూత లేని సంపు, గోడ పక్కన పాములు దాగే రాళ్ల కుప్ప. ఇవి రేటింగుల ఉన్నా లేకున్నా మేము చూస్తాం. మా వల్ల అయ్యేది చేస్తాం, కానిది కాగితం రాసి ఇచ్చి నకలు దగ్గర పెట్టుకుంటాం.

ఇప్పుడు మా రెండో తప్పు చెప్తాం. మరుగుదొడ్లు కడిగే ఆమెకు జీతం, సామాన్ల కోసం 2024 నుంచి ప్రభుత్వం పిల్లల సంఖ్యను బట్టి బడికి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల దాకా పెట్టింది. అది మన కమిటీ చేతుల మీదుగనే ఇయ్యాలె. మా ఊర్లె ఒక అక్కను పెట్టుకున్నం. యాసిడ్ సీసా, బ్లీచింగ్ పౌడర్ మేమే కొనిచ్చినం. బిల్లు రాసుకున్నం. ఎట్ల వాడాలో చెప్పలే. ఒకరోజు జల్ది తెల్లగ కావాలని ఆమె రెండూ కలిపి పోసింది. పొగ లేచి కండ్లు మండి, ఊపిరి ఆడక బయటకొచ్చి కూలబడ్డది. బడి గంట కొట్టకముందు కాబట్టి పిల్లలు లోపల లేరు. దవఖానకు తీసుకపోయినం, రెండు రోజులకు కోలుకున్నది.

యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపొద్దు. కలిస్తే క్లోరిన్ విషవాయువు లేస్తది. ఈ మాట ఇక్కడున్న ప్రతి అక్క ఇంటికి పోయి ఇంకొకరికి చెప్పాలె. ఇండ్లల్ల కూడ ఇదే చేస్తున్నం కదా. ఇప్పుడు మేము యాసిడే కొనుడు బందు పెట్టినం. సబ్బు నీళ్లు, బ్రష్షు, వేరే రోజు బ్లీచింగ్. ఆమెకు చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు ఇచ్చినం. జీతం పైసలు ఆలస్యమైన నెలల్ల గ్రామ సంఘం నుంచి సర్ది ఇస్తున్నం, వచ్చినంక జమ చేసుకుంటున్నం. అయినా మాకు ఒక మాట గుచ్చుతనే ఉన్నది. రేటింగు కాగితంల అన్ని ప్రశ్నలకు జవాబులు రాసినం, పుస్తకంల పిల్లల భద్రత అని రాసుకున్నం. ఆ భద్రతల ఆమె భద్రత కూడ ఉన్నదని ఆమె కూలబడ్డంక గాని మాకు తెలువలే.

ఏం మారింది అని అడుగుతరు. మా బడి ఐదు నక్షత్రాలది కాలే. పక్క ఊరి వాళ్లు మూడు నక్షత్రాల వాళ్లని నవ్విన్రు కూడ. నవ్వనీయండ్రి. ఆడపిల్లలు మధ్యాహ్నం అన్నం తిన్నంక నీళ్లు తాగుతున్నరు, ఇది మేము కండ్లతో చూసినం. ఆ ఏడో తరగతి పిల్ల ఇప్పుడు పిల్లల కమిటీల తాళం చెవి పట్టుకునేది. మాలో చాలమంది పుట్టిండ్లు పాలమూరు దిక్కు. వలస పోయిన తల్లిదండ్రుల పిల్లలు అవ్వల దగ్గర ఉండి చదువుకునుడు మాకు తెలుసు. ఆ పిల్లలకు రోజులో ఒక్క పూట నమ్మకమైన అన్నం, నీళ్లు బడిలోనే. దాన్ని మనం ఫొటో కోసం చేస్తే పాపం తగులుతది.

ఈ సభకు మేము మూడు మాటలు విన్నవించుకుంటున్నం. ఒకటి, ప్రతి గ్రామ సంఘం నెల మీటింగు ఎజెండాల బడి ఒక అంశం కావాలె, మినిట్స్ బుక్కుల రావాలె. రెండు, వంట అన్ని ఊర్లల్ల ఏ నీళ్లతో అయితున్నదో ఈ నెలల్నే చూసి, నీళ్లు పరీక్ష చేయించాలె. మూడు, వచ్చే ఏడాది నుంచి సమాఖ్య ఇచ్చే గుర్తింపుల వంట చేసే వాళ్ల పేరు, మరుగుదొడ్లు కడిగే వాళ్ల పేరు ముందు పిలువాలె. తర్వాతనే కమిటీ, తర్వాతనే మేము.

ఈ శాలువా మేము ఉంచుకోం. ఊరికి పోయినంక రేపు ప్రార్థన టైముకు, పిల్లల ముందర ఆ అక్కకు కప్పుతం. ఇక్కడికే తీసుకొద్దామని నిన్న పిలిచినం. "ఇయ్యాల బడి ఉన్నది, నేను రాకపోతే ఎవరు కడుగుతరు" అన్నది.